చలికాలపు టైర్లు, వేసవి టైర్లు మార్చుకోవడం – 4వ పాఠం: చక్రం కూర్చోవడం, బోల్టు బిగియడం

గత పాఠంతో చక్రం విప్పడం, కొత్తది ఎక్కించడం పూర్తయ్యాయనీ, ఈసారి గాలి గురించీ, విప్పిన టైర్లను దాచే పద్ధతి గురించీ చెప్పుకోవచ్చనీ అనుకున్నాను. అయితే ఆ పాఠం చదివి పనికి దిగినవారిలో చాలామందికి ఇబ్బందులు ఎదురయ్యాయి. కొందరికి బోల్టులన్నీ ఊడి చేతికి వచ్చినా చక్రం మాత్రం, ఇరుసు కొసన అది ఆనుకుని ఉండే హబ్‌ను వదలలేదు. మరికొందరికి నాలుగు చక్రాలూ మార్చుకుని రోడ్డెక్కాక, వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్ వణికింది. ఒకరి కారుకు మూడో రోజుకల్లా రెండు బోల్టులు చేత్తో తిప్పితే తిరిగేంతగా వదులయ్యాయి. ఈ మూడింటికీ మూలం చాలావరకు ఒకటే. దాన్ని నేను "హబ్ తుడిచి చక్రం బిగించండి" అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాను. ఆ తప్పు నాదే. అందుకే ఈ పాఠమంతా ఆ ఒక్క వాక్యానికే కేటాయిస్తున్నాను.

చక్రం బోల్టులకు వేలాడుతూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చక్రం వెనుక ముఖాన్నీ హబ్ ముఖాన్నీ బోల్టులు ఒకదానికొకటి అదిమి పట్టి ఉంచుతాయి. ఆ రెండు ముఖాల మధ్య పుట్టే రాపిడే బ్రేకు వేసినప్పుడూ, మలుపు తిరిగినప్పుడూ వచ్చే బలాన్ని మోస్తుంది. సరిగ్గా బిగించిన ఒక్కొక్క బోల్టు సుమారు నాలుగు టన్నుల బలంతో అదుముతుంది. అలా అదిమేటప్పుడు అది గట్టి స్ప్రింగులా కొద్దిగా సాగుతుంది. ఆ సాగుదల ఎంతో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది: మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. రెండు ముఖాల మధ్య కాగితం మందాన తుప్పు పెచ్చు ఒకటి ఇరుక్కుందనుకోండి. మొదటి యాభై కిలోమీటర్ల కుదుపులకు అది నలిగి పొడి అవుతుంది, బోల్టు సాగుదల మొత్తం ఆ ఖాళీకే సరిపోతుంది. బోల్టు తిరగకుండానే పట్టు పోతుంది. పట్టు పోయిన తరువాత అది వదులై తిరగడానికి ఎంతో సమయం పట్టదు. మూడో రోజున వదులైన ఆ బోల్టుల విషయంలో జరిగింది ఇదేనని నా నమ్మకం.

ముందుగా వదలని చక్రం సంగతి చూద్దాం. రిమ్ము నడిమి రంధ్రంలోకి హబ్ మధ్యభాగం దూరి ఉంటుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, తడి కలిసి ఆ సందులో తుప్పు పేరుకుంటుంది, ఆ తుప్పే రెండింటినీ అంటిస్తుంది. కారు జాకీ మీద ఉండగా చక్రాన్ని సుత్తితో బాదవద్దు, ఊపి లాగవద్దు. నేను చేసే పద్ధతి ఇది: బోల్టులన్నీ మళ్ళీ చేత్తో ఎక్కించి, ఒక్కొక్కటి ఒక చుట్టు మాత్రం వదులుగా ఉంచి, కారును నేలకు దించి, జానెడు ముందుకూ జానెడు వెనక్కూ అతి నెమ్మదిగా కదిలిస్తాను. కారు బరువే తుప్పును విడగొడుతుంది, 'టక్' మన్న చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు మళ్ళీ జాకీ పెట్టి విప్పుకోవాలి. బోల్టులు పూర్తిగా తీసేసి మాత్రం కారును ఎన్నడూ కదపవద్దు.

చక్రం వచ్చాక హబ్‌ను దగ్గరగా, వెలుతురులో చూడండి. బోల్టు రంధ్రాల చుట్టూ ఉన్న చదును భాగంలో కొన్నిచోట్ల లోహం మెరుస్తుంది, కొన్నిచోట్ల గోధుమరంగు పొక్కులు కనిపిస్తాయి. గోటితో గీస్తే పొక్కు పెచ్చుగా లేస్తుంది. అలా లేచే ప్రతిదీ పోవాలి. తీగల బ్రష్షుతో గుండ్రంగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, మళ్ళీ వేలు పెట్టి తడమండి. వేలికి గరుకు తగలవచ్చు గాని, ఎత్తు తగలకూడదు. రిమ్ము వెనుక ముఖం కూడా ఇంతే ముఖ్యం. చాలామంది హబ్‌ను తళతళలాడేలా తోమి, ఆరు నెలలు మూలన పడి ఉన్న రిమ్ము వెనుకభాగాన్ని చూడనే చూడరు. వణుకు అక్కడి నుంచే మొదలవుతుంది. చక్రం వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా వేగంలో అది చేతికి తెలుస్తుంది. శుభ్రం చేసి మళ్ళీ కూర్చోబెట్టాక కూడా వణుకు తగ్గకపోతే అప్పుడు బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా సరిచేయడం) చేయించుకోవాలి.

మళ్ళీ అంటుకోకుండా ఉండేందుకు హబ్ మధ్యలో పొడుచుకువచ్చిన గుండ్రటి అంచుకు మాత్రం సన్నని పొరగా గ్రీజు పూయవచ్చు. చదును ముఖానికీ, బోల్టు మరలకూ, బోల్టు తల కూర్చునే చోటికీ అది తగలకూడదు.

ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడాలి. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే అలవాటు ఈ చోటే ఉంది. "ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది" అని స్పానరు మీద కాలు పెట్టి తొక్కేవారూ, "తర్వాత సులువుగా వస్తుంది" అని మరలకు నూనె రాసేవారూ కనబడుతూనే ఉంటారు. లెక్క చూడండి. చాలా చిన్న, మధ్యతరహా కార్లకు కావలసిన టార్క్ (బోల్టును తిప్పే బలం) 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుకు ఎంతో దాని పుస్తకంలోనే చూసుకోవాలి. పాతిక సెంటీమీటర్ల స్పానరు కొసన 45 కిలోల బరువుతో నొక్కితే 110 న్యూటన్ మీటర్లు వస్తాయి. అంటే బలంగా ఒక లాగు, అంతే. 70 కిలోల మనిషి అదే స్పానరు కొసన నిలబడితే 170 దాటుతుంది. పట్టు కోసం దానికి పైపు తొడిగి అర మీటరు చేసి నిలబడితే 340 దాటుతుంది, అంటే కావలసినదానికి మూడు రెట్లు.

నూనె సంగతి ఇంకా లోతైనది. మనం పెట్టే బలంలో సుమారు పదోవంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. మిగిలినదంతా బోల్టు తల కిందా మరల మధ్యా రాపిడికే పోతుంది. కారు పుస్తకంలో రాసిన అంకె పొడి మరలను దృష్టిలో పెట్టుకుని రాసినది. నూనె రాస్తే రాపిడి తగ్గుతుంది, తగ్గిన వాటా అంతా సాగదీతకు చేరుతుంది. టార్క్ రెంచ్ (పెట్టిన అంకె రాగానే 'క్లిక్' మనే స్పానరు) మాత్రం అదే 110 చూపిస్తుంది. అంకె సరిగ్గా ఉన్నా బోల్టు మాత్రం ఓర్వగలిగిన హద్దు దాటి సాగిపోయి ఉండవచ్చు. ఒకసారి అలా సాగిన బోల్టు మళ్ళీ స్ప్రింగులా పనిచేయదు. నేనూ దాన్ని అనుభవించాను. ఒక పనిశాలలో గాలి గన్నుతో (గాలి ఒత్తిడితో నట్లు బిగించే యంత్రంతో) బిగించిన చక్రం, వానపడుతున్న సాయంత్రం రోడ్డు పక్కన పంక్చరైంది. స్పానరుకు మూడో నట్టు కదలలేదు. నా బరువంతా వేస్తే కదిలిందనుకున్నాను గాని, తీరా చూస్తే స్టడ్డు (కొన్ని కార్లలో బోల్టుకు బదులు హబ్‌లోనే నాటి ఉండి, నట్టు ఎక్కే మరకడ్డీ) మొదలంటా విరిగి నట్టుతో సహా చేతికి వచ్చింది. ఆనాటి నుంచి నా కారు చక్రాల మీద గాలి గన్ను పెట్టనివ్వను. ఇతరులకు అది నచ్చవచ్చు, నాకు మాత్రం నమ్మకం లేదు.

ఇక ఎక్కించడం. జాకీ పెట్టే చోటు, హ్యాండ్ బ్రేకు, చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు, టైరు మీది బాణం గుర్తు మీకు తెలిసినవే. స్టడ్డులు ఉన్న కారైతే చక్రం వాటికి తగులుకుని నిలుస్తుంది. బోల్టులతో బిగించే కారైతే చక్రాన్ని పట్టుకుని రంధ్రాలు కలపడమే పెద్ద పని. తల కోసేసిన పొడవాటి బోల్టును పై రంధ్రంలో చేత్తో ఎక్కించి, దాని మీదుగా చక్రాన్ని జార్చి, రెండు బోల్టులు పట్టాక దాన్ని తీసేస్తాను. ఈ చిన్న ఉపాయంతో నడుముకు శ్రమ తగ్గుతుంది.

ప్రతి బోల్టునూ వేళ్ళతోనే మొదలుపెట్టండి. మొదటి నాలుగు చుట్లు వేళ్ళతో తిరగకపోతే మర తప్పి ఎక్కుతోందని అర్థం, వెనక్కు తీసి మళ్ళీ మొదలుపెట్టాలి. వేసవికి అల్లాయ్ రిమ్ములు, చలికాలానికి ఇనుప రిమ్ములు వాడేవారు ఇంకొక సంగతి గమనించాలి. రెండింటికీ బోల్టులు ఒకటే కాకపోవచ్చు. పొడవు ఎక్కువైతే వెనుక బ్రేకు భాగాలకు తగులుతుంది, తక్కువైతే మర చాలదు. కనీసం ఆరేడు చుట్లు తిరగాలి. బోల్టు తల కింది భాగం కొన్నిటికి గరాటులా, కొన్నిటికి గుండ్రంగా ఉంటుంది. అది రిమ్ము గుంతకు సరిగ్గా అమరాలి. గరాటు తల గుండ్రటి గుంతలో కూర్చుంటే సన్నని గీత మేర మాత్రమే ఆనుతుంది, ఆ గీత అరిగిన రోజున బోల్టు వదులవుతుంది.

చేత్తో ఎక్కించాక స్పానరుతో, చక్రం గాలిలో ఉండగానే, వంతులవారీగా కొద్దికొద్దిగా లాగాలి. ఐదు బోల్టులుంటే ఒకటి, మూడు, ఐదు, రెండు, నాలుగు అనే వరుసలో, నాలుగుంటే ఎదురెదురుగా బిగించాలి. పక్కపక్కవి వరుసగా బిగిస్తే చక్రం ఒకవైపే ముందుగా కూర్చుంటుంది. టైరు నేలను తాకి తిరగకుండా నిలిచేంత వరకు కారును దించి, టార్క్ రెంచ్‌ను ముందు సగం అంకెకు పెట్టి ఒక విడత, పూర్తి అంకెకు పెట్టి మరొక విడత అదే వరుసలో బిగించాలి. నెమ్మదిగా, కుదుపు లేకుండా లాగండి. 'క్లిక్' వినగానే ఆపండి. నిర్ధారణ కోసం మళ్ళీ రెండు మూడుసార్లు లాగడం వల్ల బిగింపు పెరుగుతుందే తప్ప నిర్ధారణ జరగదు. ఆ రెంచ్‌తో బోల్టులు విప్పవద్దు, పని కాగానే దాన్ని అతి తక్కువ అంకెకు తిప్పి దాచండి.

ఈ వారం సాధన కొంచెం శ్రమతో కూడినదే. ఒకే చక్రాన్ని ఐదుసార్లు విప్పి ఎక్కించండి. ప్రతిసారీ ముందు మామూలు స్పానరుతో, మీ అంచనాతో, కావలసినదానికంటే కొద్దిగా తక్కువకు బిగించి, ఆ తరువాత టార్క్ రెంచ్ పెట్టి 'క్లిక్' వచ్చేలోగా ప్రతి బోల్టూ ఎంత తిరిగిందో రాసుకోండి. తిరగకుండానే 'క్లిక్' మంటే మీ చెయ్యి అవసరానికి మించి బిగిస్తోందన్నమాట, దాన్నీ రాసుకోండి, ఆ బోల్టును వదులు చేసి మళ్ళీ బిగించండి. ఐదోసారికి ఆ తిరుగుడు ఐదు బోల్టులకూ దాదాపు ఒకేలా ఉండాలి. తరువాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపి, చక్రాలు చల్లారాక, బోల్టులను వదులు చేయకుండానే అదే అంకెతో మళ్ళీ పరీక్షించండి. ఏ బోల్టయినా పావు చుట్టు తిరిగితే ఊరికే బిగించి వదిలేయవద్దు. ఆ చక్రం విప్పి, రెండు ముఖాలూ మళ్ళీ చూడండి, నలిగిన తుప్పు పొడి అక్కడే కనిపిస్తుంది.