త్రీడీ పనికి కంప్యూటర్ చాలడం లేదా? ఏ భాగం మార్చాలో ముందు తేల్చుకోండి

త్రీడీ మోడళ్లు, యానిమేషన్లు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్ నత్తనడక నడుస్తోందంటే చాలామంది చేసే మొదటి పని గ్రాఫిక్స్ కార్డుల ధరలు వెతకడం. అంతకంటే ముందు విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌ను ఒక పక్కన పెట్టుకుని, ఏ పని దగ్గర కంప్యూటర్ మొరాయిస్తోందో సరిగ్గా ఆ పనే చేసి చూడండి. బడ్జెట్ తక్కువగా ఉంటే మార్చగలిగేది ఒక్క భాగమే, అది ఏదో ఇక్కడే తెలుస్తుంది. కింద చెప్పిన మెనూలు బ్లెండర్‌వి. మిగతా త్రీడీ సాఫ్ట్‌వేర్లలోనూ లెక్క దాదాపు ఇదే.

రెండర్ గంటలకొద్దీ సాగుతోంది, గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఖాళీగా ఉంది

రెండర్ అంటే సీన్‌ను చివరి చిత్రంగా మార్చడం. అది ఆలస్యమైతే చాలాసార్లు కారణం సెట్టింగే. మనం చెప్పకపోతే సైకిల్స్ (బ్లెండర్‌లోని రెండర్ ఇంజిన్) ప్రాసెసర్ మీదే రెండర్ చేస్తుంది. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో సిస్టమ్‌కు వెళ్లి సైకిల్స్ రెండర్ డివైసెస్ దగ్గర మీ కార్డును ఎంచుకోండి. అక్కడ కనిపించే పేర్లు కార్డుతో పని చేయించుకునే పద్ధతులవి. ఎన్విడియా ఆర్టీఎక్స్ కార్డయితే కుడా (CUDA) కంటే ఆప్టిక్స్ (OptiX) మేలు. ఏఎండీకి హిప్, ఇంటెల్ ఆర్క్‌కు వన్ ఏపీఐ. ఆ తర్వాత రెండర్ ప్రాపర్టీస్‌లో డివైస్‌ను జీపీయూ కంప్యూట్‌గా మార్చాలి. ఈ రెండో మెట్టు మరిచిపోయి కార్డును తిట్టుకునేవాళ్లే ఎక్కువ. పాత ఏఎండీ కార్డు అసలు జాబితాలోనే కనిపించకపోతే, అలాంటి కార్డులు వాడిన పద్ధతి అయిన ఓపెన్ సీఎల్‌ను బ్లెండర్ 3.0లో తీసేశారన్నది గుర్తు పెట్టుకోండి.

టాస్క్ మేనేజర్‌లో త్రీడీ అనే గ్రాఫ్ రెండర్ సమయంలో సున్నా దగ్గరే ఉండొచ్చు. ఆ పేరు మీద నొక్కి కుడా లేదా కంప్యూట్ గ్రాఫ్ ఎంచుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

కార్డు నిజంగానే 100 శాతం పనిచేస్తూ ఆలస్యమవుతుంటే, కొనేముందు శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కు ఎన్నిసార్లు లెక్క కట్టాలన్న సంఖ్య) చూడండి. 3.0 నుంచి మొదట ఉండే సంఖ్య 4096. చిత్రంలోని చుక్కల్ని తుడిచే డీనాయిజర్ ఆన్ చేస్తే చాలా సీన్లకు అందులో పదో వంతు సరిపోతుంది.

జీపీయూ మెమరీ చాలడం లేదంటూ రెండర్ ఆగిపోతోంది

డబ్బు పెట్టాల్సింది ఎక్కువగా ఈ సమస్యకే, అందుకే కాస్త లెక్క చూద్దాం. టెక్స్‌చర్ అంటే మోడల్ ఉపరితలానికి అతికించే చిత్రం. 4కే టెక్స్‌చర్ అంటే 4096 × 4096 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు. అంటే డిస్క్ మీద 5 ఎంబీ కూడా లేని జేపెగ్ కార్డులోకి వెళ్లేసరికి 64 ఎంబీ అవుతుంది. ఒక మెటీరియల్‌కు (ఉపరితలం కనిపించే తీరుకు) ఇలాంటి చిత్రాలు, అంటే మ్యాపులు, నాలుగుంటే 256 ఎంబీ. అలాంటి మెటీరియళ్లు ఇరవై ఉంటే 5 జీబీ టెక్స్‌చర్లకే పోయింది, మోడళ్లు ఇంకా లెక్కలోకే రాలేదు. 8కే అయితే దీనికి నాలుగింతలు. కొన్నిసార్లు రెండర్ ఆగిపోదు. మిగిలిన డేటాను సిస్టమ్ ర్యామ్‌లో పెట్టుకుని బాగా నెమ్మదిస్తుంది.

పైసా ఖర్చు లేని మందు రెండర్ ప్రాపర్టీస్‌లోని సింప్లిఫై. అందులో టెక్స్‌చర్ లిమిట్‌ను 2048కి దించి ఒక ఫ్రేమ్ రెండర్ చేసి, పాతదాని పక్కన పెట్టి చూడండి. కెమెరాకు దూరంగా ఉన్న గోడకు 4కే ఎందుకో నాకెప్పుడూ అర్థం కాదు. చెట్లూ రాళ్లూ లాంటివి షిఫ్ట్ డీతో కాకుండా ఆల్ట్ డీతో కాపీ చేస్తే మెష్ (వస్తువు ఆకారం డేటా) ఒక్కసారే మెమరీలోకి వెళ్తుంది. మోడల్‌ను నునుపు చేసే సబ్‌డివిజన్ ఒక్కో లెవెల్ పెరిగినప్పుడల్లా ఫేసులు (ఉపరితలంలోని చిన్న పలకలు) నాలుగింతలవుతాయి. 10,000 ఫేసుల మోడల్ మూడో లెవెల్‌లో 6,40,000. బ్రౌజర్ మూసేయడం, వ్యూపోర్ట్‌ను (మోడల్ చూస్తూ పనిచేసే కిటికీని) సాదాగా చూపే సాలిడ్‌లో ఉంచడం కూడా కొంత మెమరీ మిగులుస్తాయి.

ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే కార్డు మార్చాల్సిందే. అప్పుడు తరం కంటే ముందు మెమరీ చూడండి. 12 జీబీ ఉన్న ఆర్టీఎక్స్ 3060 కంటే 8 జీబీ ఆర్టీఎక్స్ 4060 కొత్తది, వేగమైనది, కరెంటూ తక్కువ తింటుంది. అయినా పెద్ద సీన్లు చేసేవాళ్లకు నా ఓటు 3060కే. రెండర్ పది నిమిషాలు ఆలస్యమైతే ఓర్చుకోవచ్చు, అసలు మొదలవ్వకపోతే చేసేదేం లేదు. 3060లో 8 జీబీ రకం కూడా ఉంది, పెట్టె మీద చూసి మరీ తీసుకోండి. రెండు 8 జీబీ కార్డులు పెడితే 16 అవుతుందనుకుంటారు, అవ్వదు. సీన్ మొత్తం ప్రతి కార్డులోనూ విడిగా పట్టాలి.

మోడల్ ఎడిట్ చేస్తుంటే ఆగి ఆగి కదులుతోంది

ప్రాసెసర్ వాడకం 10 శాతం కూడా చూపించదు, పని మాత్రం ముందుకు సాగదు. మాడిఫైయర్లు (మోడల్ ఆకారాన్ని ఆటోమేటిక్‌గా మార్చే సాధనాలు), ఎడిటింగ్‌లో చాలా భాగం ఒక్క కోర్ మీదే నడుస్తాయి. 16 థ్రెడ్ల (ఒకేసారి 16 పనులు నడిపే) ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తంలో అది 6 శాతమే. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్‌గా మార్చితే ఆ ఒక్క గడి నిండుగా కనిపిస్తుంది. బరువైన మాడిఫైయర్లను వ్యూపోర్ట్‌లో ఆపేయండి. కొనాల్సే వస్తే కోర్ల సంఖ్య చూసి మోసపోవద్దు, సింగిల్ కోర్ స్కోరు చూడండి.

ప్రాసెసర్‌లో ఏ కోరూ నిండకపోయినా వ్యూ తిప్పడమే కష్టంగా ఉంటే మానిటర్ కేబుల్ ఎక్కడుందో వెనక్కి వంగి చూడండి. కార్డుకు బదులు మదర్‌బోర్డుకు పెట్టి ఉండటం మామూలే. ల్యాప్‌టాప్‌లో అయితే విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో బ్లెండర్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చండి.

ఫైల్ పెద్దదయ్యేకొద్దీ కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోతోంది

ర్యామ్ నిండిపోయి, విండోస్ డిస్క్‌ను ర్యామ్‌లా వాడుకుంటోంది. ఆ డిస్క్ పాత హార్డ్ డిస్క్ అయితే ఇక మౌస్ కూడా కదలదు. ర్యామ్ పెంచడమే దారి. 16 జీబీతో సర్దుకోవచ్చు, 32 ఉంటే టెన్షన్ ఉండదు. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు వాడారో ఉంటుంది. ఒకటే స్టిక్ ఉంటే అదే రకం ఇంకొకటి జత చేయండి, రెండూ కలిసి వేగంగా పనిచేసే డ్యూయల్ చానల్ కూడా కలిసొస్తుంది. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు. ఎస్ఎస్‌డీ పెడితే ఫైళ్లు త్వరగా తెరుచుకుంటాయి, రెండర్ వేగం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది.

రెండర్ మధ్యలో కంప్యూటర్ టక్కున ఆఫ్ అవుతోంది

ఎంతసేపటికి ఆఫ్ అవుతోందో గమనించండి. మొదలైన కొన్ని సెకన్లకే అయితే కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌ను అనుమానించాలి. కొత్త కార్డు పెట్టాకే మొదలైతే అనుమానం ఇంకా బలపడుతుంది. స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లు, 6 పిన్ కేబుల్ నుంచి 75, 8 పిన్ నుంచి 150. కేబుల్ లేదని అడాప్టర్లతో అతుకులు వేయొద్దు. కార్డు బడ్జెట్ వేసుకునేటప్పుడే మంచి ఎస్ఎంపీఎస్‌ను కూడా అందులో కలపండి.

పావుగంట, అరగంట బాగా నడిచి ఆఫ్ అయితే వేడి. దుమ్ము దులపండి, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడండి, ఏళ్ల నాటి థర్మల్ పేస్ట్ అయితే మార్చండి. కంప్యూటర్ ఆఫ్ కాకుండా స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి తిరిగి వచ్చి, బ్లెండర్ మాత్రమే మూతపడితే అది డ్రైవర్ పని. కార్డు 2 సెకన్లు బదులివ్వకపోతే విండోస్ దాని డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది. ఎన్విడియా కార్డు ఉన్నవాళ్లు గేమ్ రెడీ డ్రైవర్‌ను తీసేసి స్టూడియో డ్రైవర్‌ను క్లీన్ ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ప్రయత్నించండి.