పైథాన్ పాఠాలు – 6: మారతహళ్లిలో ఎక్కేవాళ్లెవరు?

పోయిన పాఠంలో సంక్రాంతి బస్సు జాబితాను సీఎస్‌వీ ఫైలు (గళ్లను కామాలతో విడదీసి రాసిన పట్టిక) నుంచి పైథాన్‌లోకి తెచ్చుకున్నాం. మొత్తం 43 మంది. ఒక్కొక్కరికీ ఒక డిక్షనరీ, అంటే పేరు పెట్టిన గళ్లలో వివరాలు దాచే పెట్టె: పేరు, ఎక్కే చోటు, కట్టిన చార్జీ. బస్సు మడివాళలో బయలుదేరి మారతహళ్లి, టిన్ ఫ్యాక్టరీ మీదుగా బెంగళూరు దాటుతుంది. ఏ చోట ఎవరు ఎక్కుతారో డ్రైవరుకు విడివిడిగా రాసివ్వాలి.

ఒక్క వరుస చాలు:

మనవాళ్లు = [మ ఫర్ మ ఇన్ జాబితా ఇఫ్ మ["చోటు"] == "మారతహళ్లి"]

ఫర్, ఇన్, ఇఫ్‌లను మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. పేర్లు మాత్రం తెలుగులో పెట్టుకోవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 అందుకు ఒప్పుకుంటుంది. వరుసను మధ్య నుంచి చదవండి: జాబితాలో ఒక్కొక్కరినీ "మ" అనుకో, చోటు మారతహళ్లి అయితే ఉంచు, కాకపోతే వదిలెయ్యి. పాత జాబితా చెక్కుచెదరదు.

పోల్చడానికి రెండు సమాన గుర్తులు. పొరపాటున ఒకటే పెడితే పైథాన్ అక్కడే ఆపి తప్పు చూపిస్తుంది. జావాస్క్రిప్ట్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలోని ఫిల్టర్‌లో అదే తప్పు చేస్తే నోరు మెదపకుండా అందరి చోటూ మారతహళ్లిగా మార్చేసి, అందరినీ లోపలికి రానిస్తుంది!

అసలు తలనొప్పి గుర్తులతో కాదు. నిరుడు ఇదే వరుసతో తొమ్మిది పేర్లు తీసుకుని వెళ్లాను. మారతహళ్లి వంతెన దగ్గర పదకొండుమంది నిలబడి ఉన్నారు. "అన్నా, డబ్బు కట్టాను కదా, నా పేరు లేదేమిటి?" అని ఒకతను నిలదీశాడు.

బస్సులోనే ల్యాప్‌టాప్ తెరిచాను. అతను "మారతహళ్ళి" అని రాశాడు. పెళ్లి అన్నా పెళ్ళి అన్నా మనకు ఒకటే; కంప్యూటర్‌కు ల వత్తు వేరు, ళ వత్తు వేరు. రెండో ఆయనది ఇంకా గమ్మత్తు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెప్ర్‌తో (అక్షరాలను కొటేషన్ గుర్తులతో సహా చూపించే పైథాన్ ఫంక్షన్) అచ్చువేస్తే, చివరి కొటేషన్ గుర్తుకు ముందు నక్కిన ఖాళీ బయటపడింది.

అందుకే ఇఫ్ తర్వాతి భాగాన్ని ఇలా మార్చండి:

మ["చోటు"].స్ట్రిప్().రీప్లేస్("ళ్ళ", "ళ్ల") == "మారతహళ్లి"

స్ట్రిప్ రెండు చివర్ల ఖాళీలను తీసేస్తుంది. రీప్లేస్ వత్తును ఒకే తీరుకు తెస్తుంది. ఇవి కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే.

ఇక అభ్యాసం: చార్జీ కట్టనివాళ్లను వడకట్టండి. చార్జీని సున్నాతో పోలిస్తే ఒక్క పేరూ రాదు. సంబరపడకండి, సీఎస్‌వీ నుంచి చదివిన సున్నా పైథాన్‌కు అంకె కాదు, అక్షరం. కొటేషన్లలో పెట్టి మళ్లీ చూడండి. గడిని ఖాళీగా వదిలేసినవాళ్లు అప్పటికీ చిక్కరు. వాళ్లను పట్టే వరుస మీరు రాసి ఉంచండి, వచ్చే వారం నాదానితో సరిచూద్దాం.