సేవ విలువను కొలవడం – 4వ పాఠం: మనం లేకపోయినా జరిగేది ఎంత?

మూడో పాఠం చివర, చిన్న స్వచ్ఛంద సంస్థలు నడిపే మిమ్మల్ని ఒక్క వాక్యం రాసి పంపమన్నాను. ‘మా సంస్థ వల్ల ఈ ఏడాది ఎవరికి ఏమి మారింది?’ అన్న ప్రశ్నకు జవాబు. చాలామంది శ్రద్ధగా రాసి పంపారు. ఈ వారం ఖర్చుల లెక్క మొదలుపెట్టాల్సి ఉంది కానీ, దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. వచ్చిన వాక్యాల్లో ఎక్కువ వాటిది ఒకటే పొరపాటు. అందులో నా బాధ్యత కూడా ఉంది. ‘ముందు, తర్వాత’ కొలవమని చెప్పాను తప్ప, ఆ రెంటి మధ్య తేడా అంతా మనదే కాదని గట్టిగా చెప్పలేదు.

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు భవన నిర్మాణ కూలీల పిల్లలకు సాయంత్రం బడి నడిపే ఒక ట్రస్టు ఇలా రాసింది: ‘మా కేంద్రానికి వచ్చిన 62 మందీ పై తరగతికి వెళ్లారు.’ ఆ పిల్లలు రెండు నుంచి నాలుగో తరగతి వరకు చదువుతున్నవారు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2019లో దాన్ని సవరించాక కూడా రాష్ట్రాలు పిల్లలను ఆపగలిగేది అయిదు, ఎనిమిది తరగతుల్లోనే. మూడో తరగతి పిల్లవాడు ఏడాదంతా పుస్తకం తెరవకపోయినా నాలుగో తరగతికి వెళతాడు. అంటే ఆ 62 అన్న అంకె చట్టం పనితీరును చెబుతోంది. ఆ ట్రస్టు టీచర్లు సాయంత్రాలు పడిన కష్టం అందులో ఎక్కడా లేదు. వారి పని నిజంగా విలువైనది కాబట్టే నాకు బాధ కలిగింది.

కుట్టు శిక్షణ కేంద్రాల వారిదీ ఇదే సంగతి. ‘30 మందిలో 22 మందికి పీణ్యా పారిశ్రామికవాడలో ఉద్యోగం వచ్చింది’ అన్నారు. గార్మెంట్ ఫ్యాక్టరీలు పని రానివారిని కూడా హెల్పర్లుగా తీసుకుంటాయి. కాబట్టి అడగాల్సింది ఉద్యోగం వచ్చిందా అని కాదు. నేరుగా మిషను మీద కూర్చున్నారా, హెల్పరుగా చేరారా అని అడగాలి.

ప్రతి అంకె పక్కనా ఈ ప్రశ్న రాసుకోండి: మనం లేకపోయినా ఇందులో ఎంత జరిగి ఉండేది? దాన్ని తీసేయగా మిగిలినదే మన వాటా.

ఒక ఊహాజనిత లెక్క చేద్దాం. చదవడం కొలవడానికి నేను ‘అసర్’ సర్వేలో వాడే మెట్లే వాడతాను: అక్షరం, పదం, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. ప్రథమ్ అనే విద్యా స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి ఇదే పద్ధతితో పల్లెల్లో పిల్లలను పరీక్షిస్తోంది. ఒక్కో పిల్లవాడికి కొద్ది నిమిషాలు చాలు, కొలిచేవారికి డిగ్రీలు అక్కరలేదు. ఇంతకంటే పెద్ద ప్రశ్నపత్రాలు తయారుచేసి అలసిపోవద్దు.

జూన్‌లో 60 మంది పిల్లలు. 15 మంది కథ చదవగలిగారు, అంటే 25 శాతం. మార్చిలో ఉన్నవారు 44 మంది. వారిలో 33 మంది చదివారు, అంటే 75 శాతం. నివేదికలో ఏమి రాస్తారు? ‘చదవగలిగేవారి శాతం మూడు రెట్లయింది’ అనే కదా. మీరు పంపిన వాక్యాల్లో అచ్చంగా ఇలాంటివి అయిదారు ఉన్నాయి.

ఇక్కడ ఆగాలి. ఎందుకంటే నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే పొరపాటు ఇదే. జూన్‌లో కొలిచిన గుంపు, మార్చిలో కొలిచిన గుంపు ఒకటి కావు. 16 మంది వెళ్లిపోయారు. బెంగళూరులో ఇది తప్పదు. భవనం పూర్తయితే లేబర్ షెడ్లు తీసేస్తారు. మేస్త్రీ హోసూరు వెళితే కుటుంబం హోసూరు వెళుతుంది. కొందరు కదిరికో మదనపల్లెకో తిరిగి వెళతారు. తరచూ ఊళ్లు మారే ఇంటి పిల్లలకే చదువు ఎక్కువగా వెనకబడి ఉంటుంది. మన లెక్కలో, వెళ్లిపోయిన 16 మందిలో జూన్‌లో కథ చదవగలిగింది ఒక్కరే అనుకోండి. అంటే మిగిలిన 44 మందిలో 14 మందికి అప్పటికే చదవడం వచ్చు. అది 25 కాదు, 32 శాతం. మనం ఏమీ నేర్పకుండానే, వెనకబడినవారు వెళ్లిపోవడం వల్లనే అంకె 7 శాతం పాయింట్లు పెరిగింది! పిల్లలు కనబడకుండా పోవడం మన విజయంగా అచ్చయింది. ఇలాంటి అంకెను ఏ దాతకూ చూపవద్దు.

సరిచేయడం తేలికే. రెండుసార్లూ దొరికినవారినే పోల్చండి: 44 మందిలో 14 నుంచి 33కి, పెరిగింది 19. వెళ్లిన 16 మంది సంగతి విడిగా, అదే పేజీలో రాయండి.

భాష సంగతి కూడా ఇక్కడే చెబుతాను. ఒకరు జూన్‌లో కన్నడంలో, మార్చిలో తెలుగులో పరీక్ష పెట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు తెలుగు వాచకాన్ని హాయిగా చదివారు. కన్నడ మాధ్యమం బడి పిల్లలను రెండుసార్లూ కన్నడంలోనే పరీక్షించాలి.

ఇప్పుడు ఆ 19 అంతా మనదా? కాదు. వీరు పగలు ప్రభుత్వ బడికి వెళుతున్నారు, అక్కడా నేర్చుకుంటున్నారు. అదే తరగతుల్లో ఉండి, మన దగ్గరికి రాని 44 మందిని చూద్దాం. జూన్‌లో 14 మంది, మార్చిలో 23 మంది చదవగలిగారు అనుకోండి. మనం లేని చోట పెరిగింది 9. పందొమ్మిదిలోంచి తొమ్మిది తీసేస్తే 10. ఆ పదిమందిని మన వాటాగా చెప్పుకోవచ్చు.

ఆ పది కూడా పూర్తిగా మనది కాకపోవచ్చు. సాయంత్రం బడికి పంపే తల్లి ఇంట్లోనూ చదువు గురించి పట్టించుకుంటుంది. అందుకే వీలైతే, రావాలనుకుని చోటు లేక నిరీక్షణ జాబితాలో ఉన్న పిల్లలతో పోల్చండి. ఎక్కువమంది వస్తే చీటీలు తీసి చేర్చుకోండి. 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ముంబై, వడోదరల్లో ప్రథమ్ నడిపిన బాలసఖి (చదువులో వెనకబడిన పిల్లలకు స్థానిక యువతులు నేర్పే) కార్యక్రమాన్ని ఇదే సూత్రంతో పరీక్షించారు. ఏ బడిలో ఏ తరగతికి సహాయం ముందు అందాలో యాదృచ్ఛికంగా నిర్ణయించారు. మనకు అంత పెద్ద ఏర్పాటు ఉండదు, చీటీల డబ్బా ఉంటే చాలు.

రూపాయికి ఎన్ని రూపాయల సామాజిక విలువ అని చెప్పే నిష్పత్తి గురించి ముగ్గురు అడిగారు. 1990లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన పద్ధతి అది. అందులోనూ మనం లేకపోయినా జరిగేదాన్ని తీసేయడం తప్పనిసరి. చిన్న సంస్థలకు దాన్ని నేను సూచించను. చదవగలిగిన ఒక బిడ్డకు రూపాయల్లో ధర కట్టాలంటే ఎన్నో ఊహలు చేయాలి. ఆ ఊహలు ఒక్కో సంస్థవి ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి నిష్పత్తులను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధుల ప్రభావ మదింపు గురించి భయపడినవారికి ఒక మాట. 2021 నిబంధనల ప్రకారం ఆ బాధ్యత కంపెనీది. మూడేళ్ల సగటున 10 కోట్లు, అంతకు మించి సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, కోటి, అంతకు పైబడిన ప్రాజెక్టులకు, అవి పూర్తయి ఏడాది గడిచాక స్వతంత్ర సంస్థతో చేయించాలి. మీలాంటి చిన్న సంస్థకు వచ్చే, ఉదాహరణకు ఎనిమిది లక్షల ప్రాజెక్టుకు అది వర్తించదు.

ఇక వాక్యం. నేనైతే ఇలా రాస్తాను: ‘జూన్ నుంచి మార్చి వరకు మా దగ్గర నిలిచిన 44 మందిలో కథ చదవగలిగేవారు 14 నుంచి 33కి పెరిగారు. అదే తరగతుల్లో మా దగ్గరికి రాని 44 మందిలో 14 నుంచి 23కి పెరిగారు. మరో 16 మంది మధ్యలో ఊరు మారారు.’ దాతకు పంపేముందు దీన్ని పిల్లల తల్లులకు తెలుగులో, కన్నడంలో చదివి వినిపించండి. వారికి అర్థం కాకపోయినా, వారు తల అడ్డంగా ఊపినా మళ్లీ రాయండి. పిల్లవాడి ఫొటో జతచేయడం నాకు ఇష్టం లేదు. వాడు చదివిన కథలోంచి రెండు పంక్తులు జతచేయండి.

అభ్యాసం రెండు వారాల పని. మీ దగ్గరికి రాని 20 మంది పిల్లలను బడి ప్రధానోపాధ్యాయుల అనుమతితో పరీక్షించండి. తర్వాత ఈ ఏడాది వెళ్లిపోయిన ప్రతి కుటుంబానికీ ఫోను చేసి మూడు విషయాలు అడగండి: ఎక్కడున్నారు, బిడ్డ బడిలో చేరిందా, ఏ మాధ్యమం. ఒక్కో నంబరుకు వేర్వేరు రోజుల్లో మూడుసార్లు, రాత్రి ఎనిమిది దాటాక ప్రయత్నించండి. పగలు వారు పనిలో ఉంటారు. ఎత్తకపోతే ‘దొరకలేదు’ అని రాయండి. పట్టికలో ఆ గడిని మాత్రం ఖాళీగా వదలవద్దు.