చిన్న గిటార్‌కి పికప్: కొనే ముందు హమ్ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోండి

ట్రావెల్ గిటార్, పార్లర్ గిటార్, త్రీ ఫోర్త్ సైజు, ఇలాంటి చిన్న అకూస్టిక్‌కి పికప్ (తీగల మోతను సిగ్నల్‌గా మార్చి యాంప్‌కి పంపే భాగం) పెట్టించుకున్నాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటే, "బుయ్‌మని హమ్ వస్తోంది, ఏ పికప్ మారిస్తే పోతుంది?" అని. కొన్నిసార్లు పికప్ మార్చాల్సిందే, కానీ చాలాసార్లు ఆ శబ్దం గోడలోని ప్లగ్ పాయింట్ నుంచో, పైన తిరిగే ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచో, పక్కనున్న ల్యాప్‌టాప్ చార్జర్ నుంచో వస్తుంటుంది, అప్పుడు ఎంత ఖరీదైన పికప్ బిగించినా అదే పాట పాడుతుంది. అందుకే ముందు శబ్దం ఎవరిదో తేల్చుకుని, తర్వాతే డబ్బు తీయండి.

అసలు అది హమ్మేనా?

ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి స్పీకర్ దగ్గర పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి హమ్ 50 దగ్గరో దాని రెట్టింపు 100 దగ్గరో ఉంటుంది, ట్యూనర్ దాన్ని జీ స్వరానికి కొంచెం పైన, అంటే జీకీ జీ షార్ప్‌కీ మధ్యలో ఎక్కడో చూపిస్తుంది. (అమెరికాలో ఉన్నవాళ్లకు 60 హెర్ట్జ్, కాబట్టి బీ ఫ్లాట్‌కీ బీకీ నడిమధ్యన.) మీరు ఏ కార్డ్ పట్టుకున్నా, గిటార్ కింద పెట్టేసినా ముల్లు అక్కడే ఉంటే అది కరెంటు హమ్మే.

అలా కాకుండా ఊఁ అని మొదలై అంతకంతకూ పెరుగుతోందా? వాల్యూమ్ కాస్త తగ్గించగానే తెగిపోతోందా? అయితే అది ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ శబ్దమే మళ్లీ గిటార్‌లోకి దూరి తిరిగి స్పీకర్‌లో మోగడం, దాని మందు వేరు, కింద చెప్తాను. హమ్ అలా తెగదు, వాల్యూమ్ ఎంత తగ్గిస్తే అంత తగ్గుతుంది, అంతే.

తర్వాత కేబుల్‌ని యాంప్ వైపు పీకేయండి. అయినా శబ్దం వస్తుంటే గిటార్‌కి సంబంధం లేదు, గొడవ యాంప్‌దో కరెంటుదో. గిటార్ వైపు పీకి కేబుల్ వేలాడదీసి "చూడండి, గిటార్ లేకపోయినా వస్తోంది" అనకండి, ఖాళీగా వేలాడే కేబుల్ యాంటెనాలా పనిచేసి ఎలాగూ బుయ్‌మంటుంది. ఆ తర్వాత వేరే కేబుల్ వేసి చూడండి. లోపల షీల్డ్, అంటే బయటి రొద దూరకుండా చుట్టూ ఉండే తీగ అల్లిక, తెగిన కేబుల్ వల్ల పికప్‌లు మార్చినవాళ్లున్నారు.

గిటార్ పట్టుకుని పక్కకి తిరిగితే హమ్ పెరుగుతోంది, తగ్గుతోంది

ఇది మ్యాగ్నెటిక్ పికప్, అంటే సౌండ్‌హోల్‌కి అడ్డంగా బిగించే రకం, అందులోనూ సింగిల్ కాయిల్, అంటే ఒకే తీగచుట్ట ఉన్నది. కాయిల్ అంటేనే చుట్టూ మారే అయస్కాంత క్షేత్రాన్ని పట్టేది, తీగ కదలికను పట్టినట్టే ట్రాన్స్‌ఫార్మర్‌ని, పాత ట్యూబ్‌లైట్ చోక్‌ని, మీ యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా పడుతుంది. యాంప్‌కి ఆనుకుని కూర్చుని వాయించేవాళ్లకి ఇది మరీ ఎక్కువ.

ఖర్చు లేని మందు: యాంప్‌కి రెండు మూడు అడుగులు దూరం జరగండి, హమ్ తక్కువ వినిపించే దిక్కు చూసుకుని అటు తిరిగి కూర్చోండి. దూరం పెరిగే కొద్దీ ఈ క్షేత్రం చాలా త్వరగా పడిపోతుంది, కాబట్టి ఆ రెండడుగులకే తేడా తెలుస్తుంది.

అసలు మందు హమ్‌బకర్. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో తయారుచేసిన ఆలోచన ఇది: రెండు కాయిళ్లను ఒకదానికొకటి ఎదురుగా చుట్టి, అయస్కాంతాలను కూడా తిప్పి పెడితే తీగ సిగ్నల్ కలుస్తుంది, బయటి నుంచి వచ్చిన హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అకూస్టిక్ సౌండ్‌హోల్ పికప్‌లలోనూ ఇదే. జాగ్రత్త ఏంటంటే ఒకే మోడల్ రెండు రకాలుగా అమ్ముతారు. ఫిష్‌మన్ నియో-డీ సింగిల్ కాయిల్‌లోనూ దొరుకుతుంది, హమ్‌బకింగ్‌లోనూ దొరుకుతుంది, సెయ్‌మోర్ డంకన్ వుడీ కూడా అంతే. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, డబ్బా మీద చదవకుండా "అదే కదా" అని తెచ్చుకుంటే ధర తేడా ఎందుకుందో ఇంటికొచ్చి ప్లగ్ పెట్టాక తెలుస్తుంది.

చిన్న గిటార్‌కి ఇంకో చిక్కు. మామూలు గిటార్ సౌండ్‌హోల్ సుమారు 100 మిల్లీమీటర్లు, చిన్నవాటిలో అంతకంటే తక్కువ ఉండొచ్చు, పికప్ అసలు అందులో పట్టకపోవచ్చు. స్కేలు పెట్టి కొలవండి. హోల్ అంచున వేలు లోపలికి పెట్టి, పికప్ క్లాంపు కూర్చునే చోట బ్రేసింగ్ కర్ర (గిటార్ ముందు పలకకి, అంటే టాప్‌కి, లోపల ఆసరాగా అతికించేది) అడ్డొస్తుందేమో తడిమి చూడండి. బరువు కూడా చూసుకోండి, పల్చటి చిన్న టాప్ మీద బరువైన పికప్ వేలాడితే ప్లగ్ లేకుండా వాయించినప్పుడు సౌండ్ కాస్త మూగబోతుంది. టేలర్ జీఎస్ మినీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, దానికోసమే చేసిన ఈఎస్-గో పికప్ ఉంది, గిటార్ లోపల దానికి స్థలం కంపెనీవాళ్లే వదిలారు.

బుయ్ కాదు, జిర్‌ర్‌మని గీరుతున్నట్టు ఉంది

మన ఇళ్లలో ఎక్కువగా వినిపించేది ఇదే, అయినా ఎవరూ అనుమానించరు. 50 హెర్ట్జ్ హమ్ మెత్తగా, లావుగా ఉంటుంది. జిర్‌మనే పదునైన శబ్దం అంటే కరెంటు అలను ఎవరో ముక్కలు చేస్తున్నారని అర్థం. మొదటి నిందితుడు ఫ్యాన్ రెగ్యులేటర్, గుండ్రంగా ఆపకుండా తిరుగుతూ పోయే రకం. అందులో ట్రయాక్ అనే భాగం అలను సగంలో కోసి స్పీడ్ తగ్గిస్తుంది, ఆ కోత ప్రతి అర అలకూ ఒకసారి, అంటే సెకనుకి 100 సార్లు, పికప్‌లోకి దూకుతుంది. ఒకటి, రెండు, మూడు అని టక్ టక్‌మని పడే స్టెప్ రెగ్యులేటర్లలో ఎక్కువగా కెపాసిటర్లు ఉంటాయి, వాటితో ఈ గొడవ దాదాపు ఉండదు. పరీక్ష సులువు: ఫ్యాన్ పూర్తిగా ఆపండి. శబ్దం పోతే దొంగ దొరికినట్టే. రికార్డింగ్ చేసేటప్పుడు ఆపేయండి, మే నెలలో అది కుదిరే పని కాదంటారా, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి స్టెప్ రెగ్యులేటర్ వేయించండి, పికప్ ఖరీదుతో పోలిస్తే అదెంత.

రెండో నిందితుడు ఇన్వర్టర్. కరెంటు పోగానే గిటార్ జిర్‌మనడం మొదలైతే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. దానికి గిటార్ వైపు నుంచి చేసేదేమీ లేదు, కరెంటు వచ్చేదాకా బ్యాటరీతో నడిచే యాంప్ వాడండి, లేదా ఇన్వర్టర్ మార్చే రోజు వచ్చినప్పుడు సైన్ వేవ్ అని అడిగి తీసుకోండి. డిమ్మర్ లైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు, పండగకి వేసిన సీరియల్ సెట్లు, వీటిని ఒక్కొక్కటే ఆపుతూ వెళ్లండి. విసుగనిపిస్తుంది కానీ ఇంతకు మించిన దారి లేదు.

ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టగానే మొదలవుతోంది

చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపినప్పుడు పోతోందా? అయితే ఎర్త్ గొడవ. యాంప్ ఒక ప్లగ్ పాయింట్‌లో, ల్యాప్‌టాప్ ఇంకో గోడకున్న పాయింట్‌లో ఉండి రెండూ ఆడియో కేబుల్‌తో కలిస్తే ఎర్త్ తీగ, కేబుల్ షీల్డ్ కలిసి ఒక పెద్ద చుట్టు అవుతుంది, దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోకి తెండి. పోకపోతే ఆడియో దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగలు నేరుగా కలవకుండా సిగ్నల్‌ని మాత్రమే దాటించేది) గానీ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) గానీ పెట్టండి. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని ఒక స్విచ్ ఉంటుంది, అది సిగ్నల్ గ్రౌండ్‌ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు, కాబట్టి భయం లేకుండా నొక్కొచ్చు.

భయపడాల్సిన పని ఇంకోటి ఉంది: హమ్ పోతోందని యాంప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ విరిచేయడం, టూ పిన్ అడాప్టర్ వేయడం. హమ్ నిజంగానే తగ్గొచ్చు, అందుకే "నాకు పనిచేసింది" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. యాంప్ లోపల ఏదైనా షార్ట్ అయిన రోజున ఆ కరెంటుకి దారి మీ చేతిలోని తీగలు, మీ పెదవుల దగ్గరి మైక్. 1972లో ఇంగ్లండ్ పక్కనే వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ ఎర్త్ సరిగా లేని మైక్ ముట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. మైక్ తగిలితే పెదవి జిల్లుమంటోందంటే వాయించడం ఆపేయండి, సౌండ్ వాళ్లకి చెప్పండి, "చెప్పులేసుకో బాబూ, ఏం కాదు" అంటే వినకండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక తీగే ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి.

గిటార్ తీగలనో, జాక్ ఇనుమునో ముట్టుకుంటే శబ్దం తగ్గుతోంది, లేదా పెరుగుతోంది

తగ్గితే షీల్డింగ్ చాలడం లేదు, మీ ఒళ్లు పట్టుకునే రొదను గ్రౌండ్‌కి కలిపినప్పుడు ఊరుకుంటోంది. అయస్కాంతం లేకుండా కంపనాన్నే పట్టే పీజో పికప్‌లలో, అంటే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నటి పుల్ల) కింద పట్టీలా ఉండేవి, బ్రిడ్జ్ ప్లేట్‌కి (బ్రిడ్జ్ అడుగున గిటార్ లోపలుండే చెక్క) అంటించే బిళ్లలు, వీటిలో ఇది మామూలు. చవక సెట్లలో బిళ్ల నుంచి జాక్ దాకా షీల్డ్ లేని సన్నటి జంట తీగ ఇస్తారు, దాన్ని షీల్డ్ వైరుతో మార్చి, పొట్టిగా కత్తిరించి, సోల్డరింగ్ చేయిస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. బిళ్ల వెనక్కి రాగి టేపు అతికించి గ్రౌండ్‌కి కలిపితే ఇంకా మంచిది. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో ఇలాంటి సామాను అడగండి.

పికప్ లోహపు భాగం ముట్టుకుంటే పెరుగుతోందా? జాక్ దగ్గర రెండు తీగలు తారుమారయ్యాయి, మార్చి అతికించండి, ఐదు నిమిషాల పని.

సౌండ్ పల్చగా ఉంది, గెయిన్ (సిగ్నల్ బలం) పెంచితే హమ్ కూడా వస్తోంది

పీజోని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టారు. పీజోకి కనీసం ఒక మెగాఓమ్ (పది లక్షల ఓములు) నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి, ఇంకా ఎక్కువైతే మంచిదే. లైన్ ఇన్‌పుట్‌లో పది వేల ఓములు ఉంటే బేస్ అంతా కారిపోయి రేకు డబ్బా మోగినట్టుంటుంది, దాన్ని సరిచేద్దామని గెయిన్, బేస్ రెండూ పెంచుతారు, పెరిగిన బేస్‌తో పాటు ఆ 50 హెర్ట్జ్ కూడా పైకొస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ అయితే ఇన్‌స్ట్ లేదా హై-జడ్ అని రాసిన బటన్ నొక్కండి. ఫంక్షన్ హాల్‌లో, చర్చిలో మిక్సర్ దూరంగా ఉంటుంది కాబట్టి చిన్న ప్రీయాంప్ (బలహీనమైన సిగ్నల్‌ని ముందే పెంచే భాగం) ఉన్న డీఐని మీ కాళ్ల దగ్గరే పెట్టుకుని, అక్కడిదాకా గిటార్ కేబుల్ ఐదు మీటర్లు దాటకుండా, అక్కడి నుంచి మైక్ కేబుల్ లాగండి. మైక్ కేబుల్ బ్యాలెన్స్‌డ్ రకం, అందులో దారిలో దూరే హమ్ అవతలి చివర కొట్టేసుకుపోతుంది. అంత దూరం మామూలు గిటార్ కేబుల్ లాగి హమ్ రాకూడదంటే ఎలా?

హమ్ కాదు గానీ ఇవీ అడుగుతుంటారు

రెండో తీగ ఒక్కటే అరుస్తోందా, అది మ్యాగ్నెటిక్ పికప్ నైజం. బ్రాంజ్ తీగ పైచుట్టు అయస్కాంతానికి కనపడదు, లోపలి ఉక్కు తీగే కనపడుతుంది, మొదటి రెండు తీగలు మొత్తం ఉక్కే. పికప్ మీద ఒక్కో తీగ కింద పోల్ స్క్రూలుంటే రెండో తీగ కింది దాన్ని దించండి, లేకపోతే పికప్‌ని కాస్త వాల్చండి, అదీ చాలకపోతే నికెల్ చుట్టు తీగలు వేయండి. నైలాన్ తీగల చిన్న గిటార్‌కి మ్యాగ్నెటిక్ అసలు పనిచేయదు.

శాడిల్ కింది పట్టీ పెట్టించాక ఒక తీగ మూగగా ఉంటే శాడిల్ అడుగు సమంగా లేదు, నున్నటి చోట గరుకు కాగితం పరిచి అడుగు రుద్దాలి.

సౌండ్ చిట్లుతూ వస్తోంటే గిటార్ ప్రీయాంప్‌లోని తొమ్మిది వోల్టుల బ్యాటరీ మార్చండి. కొత్త బ్యాటరీ వేసినా అసలు పలకకపోతే మీరు పెట్టింది స్టీరియో కేబులేమో చూడండి, చాలా ప్రీయాంప్‌లు మోనో ప్లగ్ పెడితేనే ఆన్ అవుతాయి. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయకపోతే రాత్రంతా బ్యాటరీ తింటూనే ఉంటాయి.

ఫీడ్‌బ్యాక్‌కి సౌండ్‌హోల్ మూత పెట్టి చూడండి, స్పీకర్‌కి ఎదురుగా కాకుండా పక్కకి జరగండి, ప్రీయాంప్ మీద ఫేజ్ బటన్ ఉంటే తిప్పి చూడండి.

ఇక కొనాల్సి వస్తే

స్టీల్ తీగల చిన్న గిటార్, వాయించేది ఎక్కువగా ఫంక్షన్లలో, చవితి పందిళ్లలో, చర్చిలో డ్రమ్స్ పక్కన అయితే నా ఓటు సౌండ్‌హోల్ హమ్‌బకర్‌కే. అచ్చం గిటార్ లోపలి సౌండ్ రాదు, కొంచెం ఎలక్ట్రిక్ వాసన ఉంటుంది, కానీ జనరేటర్ కరెంటు మీద కూడా పెద్దగా అల్లరి చేయదు, ఫీడ్‌బ్యాక్ తక్కువ, కొయ్యకి కోతా లేదు. ఇంట్లో రికార్డింగ్, చిన్న గదిలో పాట, వేళ్లతో మీటడం, ఇవైతే కే అండ్ కే ప్యూర్ మినీ లాంటి బిళ్లల సెట్ బాగుంటుంది, చెక్క సౌండ్ దగ్గరగా వస్తుంది, కాకపోతే గట్టి స్టేజీ మీద ఫీడ్‌బ్యాక్ త్వరగా మొదలవుతుంది, పైగా చిన్న గిటార్ హోల్‌లో చెయ్యి దూరక బ్రిడ్జ్ ప్లేట్ మీద సరైన చోట అంటించడమే పెద్ద పని. శాడిల్ కింది పట్టీ రెండింటికీ మధ్యస్థం, శాడిల్ గాడిలో రంధ్రం వేయాలి కాబట్టి చేయి తిరిగినవాడికే ఇవ్వండి. చాలా చవక సింగిల్ కాయిల్ మాత్రం వద్దు, ఆ డబ్బు కేబుల్‌కి పెట్టండి.

ఏది కొన్నా మొదట ఎండ్‌పిన్ జాక్ (కేబుల్ గుచ్చే చోటు) కోసం గిటార్ అడుగున రంధ్రం వేయించకండి. బిళ్లల రకమైతే డబుల్ సైడ్ టేపుతో, సౌండ్‌హోల్ రకమైతే కేబుల్ బయటికే వేలాడదీసి, మీరు నిజంగా వాయించే గదిలో, అక్కడి ఫ్యానూ లైట్లూ అన్నీ వేసి ఒక వారం వాయించండి. నచ్చితే అప్పుడు డ్రిల్లు.