గ్రిడ్‌కు కలిపే సోలార్: బిగించే ముందు వేయాల్సిన వోల్టేజి లెక్కలు

ఇంటి మీద సోలార్ అనగానే ఎన్ని కిలోవాట్లు అనే అడుగుతారు. ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి, గ్రిడ్‌కు అంటే విద్యుత్ సంస్థ లైనుకు సరిపడే ఏసీగా మార్చే పెట్టె) కాలిపోయినా, మిట్టమధ్యాహ్నం ఊరికే ఆగిపోతున్నా మాత్రం ముందు చూడాల్సింది వోల్టేజి. ఆ లెక్క ప్యానెళ్ల వైపు ఒకటి, మీటరు వైపు ఒకటి వేయాలి.

ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉన్న ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (దేనికీ కలపనప్పుడు ప్యానెల్ ఇచ్చేది) 25 డిగ్రీల దగ్గరిది. చలి పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. ఉదాహరణకు 49.5 వోల్టుల ప్యానెల్, డిగ్రీకి 0.27 శాతం మార్పు అనుకుందాం. మీ దగ్గర అతి చల్లని ఉదయం 5 డిగ్రీలైతే 20 డిగ్రీల తేడాకు 5.4 శాతం పెరిగి ఒక్కో ప్యానెల్ 52.2 వోల్టులు ఇస్తుంది. ఇన్వర్టర్ గరిష్ఠం 600 వోల్టులైతే సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపిన 11 ప్యానెళ్లు 574 వోల్టులు, సరిపోతుంది. 12 పెడితే 626. స్టిక్కర్ అంకెతో గుణిస్తే మాత్రం 12కి 594 వచ్చి, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఇన్వర్టర్ పోయేది ఇక్కడే, పైగా ఇలా పోతే వారంటీ సాధారణంగా వర్తించదు.

ఎండలో దీనికి ఎదురు. సెల్ 70 డిగ్రీలకు చేరితే పనిచేసే వోల్టేజి (కరెంటు ఇస్తున్నప్పటిది) 41 నుంచి 35 దగ్గరికి పడుతుంది. మూడే ప్యానెళ్ల స్ట్రింగ్ (సిరీస్‌లో కలిపిన వరస) 105 వోల్టులకు దిగుతుంది. ఎంపీపీటీ (స్ట్రింగ్ నుంచి గరిష్ఠ శక్తి రాబట్టే ఇన్వర్టర్ లోపలి భాగం) పనిచేయడానికి కావాల్సిన కనిష్ఠం 120 అయితే ఎండ బాగా ఉన్న వేళే ఉత్పత్తి పడిపోతుంది. తూర్పు వైపు, పడమర వైపు ప్యానెళ్లను ఒకే స్ట్రింగ్‌లో కలపకండి, వేర్వేరు ఎంపీపీటీలకు ఇవ్వండి.

ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లలో మగ, ఆడ ముక్కలు రెండూ ఒకే కంపెనీవి కావాలి. వేర్వేరు కంపెనీలవి చూడ్డానికి చక్కగానే అతుక్కుంటాయి గానీ లోపలి పట్టు వదులై, వేడెక్కి, కొన్నాళ్లకు కరుగుతాయి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కి సరిపెట్టొద్దు. క్రింపింగ్ టూల్ వాడి, వైరును గట్టిగా లాగి చూడండి.

ఇన్వర్టర్‌కు కలపకముందే మల్టీమీటర్‌తో ప్రతి స్ట్రింగ్ పోలారిటీ (ప్లస్, మైనస్), వోల్టేజి చూడండి. ఒకేలాంటి రెండు స్ట్రింగ్‌ల మధ్య ఒక ప్యానెల్ అంత తేడా ఉంటే ఎక్కడో ఒక ప్యానెల్ వదిలేశారు. ప్యానెల్‌లో మూడో వంతు, అంటే 16 వోల్టుల దాకా తేడా ఉంటే బైపాస్ డయోడ్ (నీడ పడిన భాగాన్ని పక్కనపెట్టి కరెంటును దాటించేది) షార్ట్ అయిందేమో చూడాలి.

ఇక ఏసీ వైపు. 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ 230 వోల్టుల దగ్గర 21.7 ఆంపియర్లు పంపుతుంది. మీటరు 30 మీటర్ల దూరంలో ఉంటే రాను పోను 60 మీటర్ల రాగి వైరు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో 6 వోల్టులు పోతాయి, 10 వేస్తే 2.4. కరెంటును బయటికి తోయాలంటే ఇన్వర్టర్ తన దగ్గర వోల్టేజిని అంత పెంచుకోవాలి. గ్రిడ్ 248 ఉంటే సన్న వైరుతో అది 254కు చేరుతుంది. పరిమితి 253 అయితే ట్రిప్, అంటే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. మధ్యాహ్నం పూర్తి ఉత్పత్తిలో మీటరు దగ్గర, ఇన్వర్టర్ దగ్గర ఒకేసారి కొలవండి: తేడా ఎక్కువైతే వైరు మార్చాలి, మీటరు దగ్గరే ఎక్కువుంటే విద్యుత్ సంస్థకు చెప్పాలి. సెట్టింగ్‌లో పరిమితి పెంచి దాటేయకండి.

కరెంటు పోతే ఇన్వర్టర్ కూడా ఆగుతుంది. అది లోపం కాదు, లైను మీద పనిచేసేవారి ప్రాణం కోసం పెట్టిన రక్షణ. కోతల్లోనూ వెలుగు కావాలంటే బ్యాటరీతో కూడా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి. జనరేటర్ ఉంటే అది నడిచేటప్పుడు సోలార్ పూర్తిగా విడిపోయేలా చేంజోవర్ స్విచ్ పెట్టండి. లేదంటే ఇన్వర్టర్ దాన్నే గ్రిడ్ అనుకుని కరెంటు ఎదురు తోసి పాడు చేయగలదు.

ఆపేటప్పుడు ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్). లోడు మీద ఎంసీ4 లాగితే మంట లేస్తుంది. డీసీ ఆర్క్ (వైర్లు విడిపోయేచోట లేచే మంట) ఏసీలా తొందరగా ఆరదు. ఇన్వర్టర్ మూత తీసే ముందు దాని మీద రాసినన్ని నిమిషాలు ఆగండి. ఐసొలేటర్ ఆపినా, ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ల నుంచి అక్కడిదాకా వచ్చే వైర్లలో పూర్తి వోల్టేజి ఉంటూనే ఉంటుంది.