చెవిలో హోరు – రెండో పాఠం: మన చెవిని మనమే గమనించుకోవడం, ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో తేల్చుకోవడం

మొదటి పాఠంలో చెవి ఎలా వింటుందో చూశాం. లోపలి చెవిలో కాక్లియా ఉంటుంది. అందులో సుమారు 15 వేల రోమకణాలు శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి మెదడుకు పంపుతాయి. ఒకసారి చచ్చిపోయిన రోమకణం మళ్లీ పుట్టదు. ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్క పని. బయట ఏ చప్పుడూ లేకుండానే చెవిలో గుయ్యిమంటుంటే, అది కొన్నాళ్లు కనిపెట్టి చూడదగ్గదా, వీలు చూసుకుని డాక్టరుకు చూపించాల్సిందా, ఈరోజే బస్సెక్కాల్సిందా అని తేల్చుకోవడం. ఒక పెన్నూ, పాత నోటుబుక్కూ దగ్గర పెట్టుకోండి.

హోరు ఎక్కడ పుడుతుంది

చెవిలోనే ఏదో మోగుతోందని అందరూ అనుకుంటారు. చాలామందిలో ఆ మోత తయారయ్యేది మెదడులో. రోమకణాలు దెబ్బతిని కొన్ని శబ్దాలు అందడం తగ్గితే, ఆ లోటు పూడ్చుకోవడానికి మెదడు తన వాల్యూమ్ పెంచుకుంటుంది. స్టేషన్ సరిగ్గా అందని చోట రేడియో వాల్యూమ్ పెంచితే పాట కన్నా గరగరే ఎక్కువ వినిపిస్తుంది కదా, ఇదీ అలాంటిదే. అందుకే హోరు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎంతో కొంత వినికిడి కూడా తగ్గి ఉంటుంది.

అయితే హోరు వినబడిందంటే జబ్బు ఉన్నట్టే అనుకోకండి. 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు, వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి ఏం వినబడుతోందని అడిగారు. 94 శాతం మంది ఏదో ఒక మోత వినిపిస్తోందన్నారు. కరెంటు పోయి ఫ్యాను ఆగిన రాత్రి మీకు సన్నగా కీచుమని వినిపించి, తెల్లారాక గుర్తుకు రాకపోతే దానికి టెన్షన్ పడక్కర్లేదు.

పెద్ద చప్పుడు తర్వాత వచ్చే హోరు సంగతి వేరు. పైడితల్లి సిరిమానోత్సవంలో బాణసంచా దగ్గర నిలబడ్డా, చవితి నిమజ్జనంలో డీజే బాక్సు పక్కనే నడిచినా ఆ రాత్రంతా చెవులు గుయ్యిమంటాయి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గింది కదా అని వదిలేయకండి, అది రోమకణాలు దెబ్బ తిన్నాయని చెప్పే గుర్తు. 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చంటారు. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది 15 నిమిషాలే. నెల్లిమర్ల, రాజాం వైపు జూట్ మిల్లుల్లో మగ్గాల దగ్గర పనిచేసినవాళ్లూ, టెక్కలి వైపు గ్రానైట్ పనివాళ్లూ తమ చెవుల్ని ఏటేటా పరీక్ష చేయించుకోవాలి.

మొదటి పరీక్ష: 'మ్' అనడం

ఇప్పుడే చేసి చూడండి. పెదాలు మూసి, ఒకే స్థాయిలో 'మ్‌మ్‌మ్' అనండి. రెండు చెవులూ బాగుంటే ఆ శబ్దం తల మధ్యలో ఉన్నట్టు అనిపిస్తుంది. అలా అంటూనే కుడి చెవిని వేలితో గట్టిగా మూయండి. శబ్దం కుడివైపుకు జరుగుతుంది! మన గొంతు శబ్దం ఎముకల గుండా లోపలి చెవికి చేరుతుంది. చెవి దారి మూస్తే అది బయటికి పోలేదు, బయటి చప్పుడూ అడ్డురాదు. అందుకే మూసిన చెవిలో గట్టిగా వినిపిస్తుంది.

ఈ సంగతి అర్థమైతే సగం పాఠం వచ్చినట్టే. ఒక చెవి మందగించి, అందులో హోరు కూడా ఉందనుకోండి. వేలు పెట్టకుండా 'మ్' అన్నప్పుడు శబ్దం ఆ మందగించిన చెవిలోకే వెళ్తే, దారిలో ఏదో అడ్డుపడి ఉండే అవకాశం ఎక్కువ. గుబిలి గట్టిపడడమో, జలుబుకు కర్ణభేరి వెనక నీరు చేరడమో అయి ఉండొచ్చు. శబ్దం బాగున్న చెవి వైపు వెళ్తే మాత్రం లోపలి చెవిలోనో, నరంలోనో తేడా ఉందని అనుమానించాలి. ఆసుపత్రిలో శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి నుదుటి మీద పెట్టి చేసేదీ ఈ పరీక్షే. ఇంట్లో చేసుకున్నది ఒక సూచన మాత్రమే, దాని మీద భరోసా పెట్టుకుని ఆగిపోకండి.

రెండో పరీక్ష: నాడి

మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నాడి పట్టుకోండి. కళ్లు మూసుకుని హోరు వినండి. అది సాగుతూ ఉందా, నాడితో పాటు 'దబ్ దబ్'మంటోందా? నాడితో కలిసి కొట్టుకుంటుంటే తప్పక డాక్టరుకు చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువ కావడం, బీపీ, చెవి పక్కనున్న రక్తనాళాల్లో తేడా, ఇవన్నీ అలా వినిపించగలవు. ఆడవాళ్లు ముందు పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించుకుంటే మంచిది. అదే కారణమైతే, రక్తం పెరిగేకొద్దీ ఆ చప్పుడు తగ్గుతుంది.

పళ్లు గట్టిగా బిగిస్తే హోరు మారుతుందేమో కూడా చూసి రాసుకోండి. మారితే దవడ, మెడ కండరాల పాత్ర ఉండొచ్చు.

మందుల చీటీ

ఈ భాగం కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లు రెండుసార్లు చదవాలి. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, ఒంట్లో నీరు తీయడానికిచ్చే ఫ్యూరోసిమైడ్, మలేరియాకిచ్చే క్వినైన్, క్యాన్సర్‌కిచ్చే సిస్‌ప్లాటిన్, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ చెవిలో హోరు తెప్పించగలవు. జెంటామైసిన్ లాంటివి కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో అవి ఎక్కువసేపు నిలిచిపోయి చెవికి మరింత హాని చేస్తాయి. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు లేని ఊరు అరుదు కాబట్టి, ఏ ఇంజెక్షన్ వేయబోతున్నా 'నాకు కిడ్నీ ఇబ్బంది ఉందండీ' అని ముందే చెప్పండి. ఆర్ఎంపీ దగ్గర కూడా ఈ మాట చెప్పాలి. హోరు మొదలైందని మందు మీ అంతట మీరే ఆపేయకండి. అదే రోజు డాక్టరుకు చెప్పండి.

ఆగకూడని సందర్భాలు

అన్నిటికన్నా నా బాధ ఒక విషయం గురించే. పొద్దున లేచి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినబడదు, హోరు మాత్రం ఉంటుంది. ఇంట్లోవాళ్లు "నీళ్లు దూరుంటాయిలే" అని వెచ్చని నూనె పోస్తారు. వారం అలాగే గడిచిపోతుంది. చెవి హఠాత్తుగా, అంటే మూడు రోజుల్లోపే మందగించడం ఎమర్జెన్సీ. దీనికి స్టిరాయిడ్ మందు ఉంది. మొదటి కొద్దిరోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో గానీ, విశాఖ పెదవాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో గానీ ఆ రోజో మర్నాడో చూపించండి. ఓపీలో 'చెవి నొప్పి' అని చెప్పకండి. 'ఫలానా రోజు నుంచి ఈ చెవి ఒక్కసారిగా వినబడడం లేదు' అని చెప్పండి. అలా చెబితే తొందర వాళ్లకూ తెలుస్తుంది.

హోరుతో పాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, నిలబడలేనంతగా తల తిరిగినా 108కి ఫోన్ చేయండి. బైక్ మీంచి పడి తలకు దెబ్బ తగిలాక చెవిలో మోత వచ్చినా, చెవి నుంచి రక్తమో నీరో కారినా అంతే.

ఇంత తొందర లేకపోయినా చూపించి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక చెవిలోనే వారాల తరబడి హోరు ఉండడం, మధ్యమధ్యలో తల తిరుగుడు రావడం, చెవి నుంచి చీము కారడం. ఒక్క వైపే ఉంటే డాక్టరు ఎంఆర్ఐ రాయొచ్చు. వినికిడి నరం మీద గడ్డ ఉందేమోనని చూస్తారు. అది అరుదు, అయినా లేదని తెలియాలి కదా.

హోరు వల్ల నిద్ర కరువై, బతకాలని లేదనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలిమానస్, అంటే మనసు బాగోలేనివాళ్లకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఆలోచనను కూడా చెవి జబ్బంత సీరియస్‌గానే తీసుకోండి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి.

చెవిలో పిన్నులు, అగ్గిపుల్లలు, బడ్స్ పెట్టకండి. నూనె పోయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె లోపలికి దిగి చీము పట్టిస్తుంది.

ఈ వారం అభ్యాసం

ఏడు రాత్రులు పడుకునే ముందు ఐదు సంగతులు రాయండి: ఏ చెవి, సాగే మోతా కొట్టుకునే మోతా, పదిలో ఎంత ఇబ్బంది పెట్టింది, ఆ రోజు విన్న పెద్ద చప్పుడు, వేసుకున్న మందులు. 'మ్' పరీక్ష మొదటి రోజూ ఏడో రోజూ చేయండి. డాక్టరు దగ్గరికి ఈ పుస్తకమూ, మందుల చీటీలూ తీసుకెళ్లి ఆడియోగ్రామ్ (వినికిడి ఎంతుందో కాగితం మీద గీసిచ్చే పరీక్ష) చేయమని అడగండి. ఆ కాగితం పారేయకండి. మూడో పాఠంలో దాని మీది ఎర్ర సున్నాలు, నీలం ఇంటూలు చదవడం నేర్చుకుందాం.