పాత అంబాసిడర్ ఇంజన్‌కు ఫ్యాన్ భారం తగ్గించడం ఎలా?

ఇంజన్ బలమంతా చక్రాలకు చేరదు. బెల్టు మీద తిరిగేవన్నీ ఎంతో కొంత తింటాయి. 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌లో ఫ్యాన్‌ను వాటర్ పంప్ పుల్లీకే బిగించారు. బండి 80లో పోతూ ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తున్నా అది ఊరికే తిరుగుతుంది. పైగా ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది లాగే పవర్ ఎనిమిది రెట్లవుతుంది. ఈ ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడితే ఆ భారం తగ్గుతుంది. కొత్త కార్లలో ఎలక్ట్రిక్ ఫ్యానే వస్తుంది, వాటికి ఈ పని అక్కర్లేదు.

ముందు ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. బెల్టు తీసి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే బేరింగ్ అయిపోయినట్టే. వాటర్ పంప్ షాఫ్ట్ ఊగుతుంటే పంప్ మార్చాకే మిగతా పని.

ఫ్యాన్‌కున్న 4 బోల్టులు విప్పితే పుల్లీ కూడా ఊడొస్తుంది, ఎందుకంటే రెండిటినీ పట్టుకునేవి అవే. పుల్లీని ఫ్యాన్ లేకుండా తిరిగి బిగించాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: ఫ్యాన్ మందం తగ్గింది కాబట్టి పాత బోల్టులు వెనక్కి పొడుచుకొచ్చి పంప్ బాడీకి రాసుకుంటాయి. పొట్టి బోల్టులు వేయండి, లేదా అంత మందం వాషర్లు.

రేడియేటర్‌కు ఇంజన్ వైపున ఉండి గాలిని లాగే 12 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ను పట్టీలతో రేడియేటర్ ఫ్రేముకు బిగించండి. రేకుల మధ్య నుంచి ప్లాస్టిక్ టైలు గుచ్చితే అదురుకు ట్యూబులు అరిగి నీళ్లు కారతాయి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు దాటించి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) 30వ పిన్నుకు, 87 నుంచి ఫ్యాన్‌కు వైరు ఇవ్వండి. 86కు ఇగ్నిషన్, 85 నుంచి థర్మోస్విచ్ (వేడికి దానంతటదే కలిసే స్విచ్) మీదుగా ఎర్త్. స్విచ్ 92 డిగ్రీల దగ్గర కలిసేది తీసుకోండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకునే వేడి కంటే తక్కువదైతే ఫ్యాన్ ఆగనే ఆగదు.

బెల్టు మళ్లీ వేశాక పొడవు వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే 12 మి.మీ. దాకా దిగాలి. అంతకన్నా బిగిస్తే కొత్త బేరింగులు కూడా పోతాయి. ఫ్యాన్ తిరిగేటప్పుడు గ్రిల్ ముందు కాగితం పెట్టండి, లోపలికి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే వైర్లు తారుమారయ్యాయన్నమాట.

ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉన్న బండైతే ఆగండి. ఐడిల్‌లో అది ఛార్జింగ్ దాదాపు ఇవ్వదు, ట్రాఫిక్‌లో ఫ్యాన్ బ్యాటరీని ఖాళీ చేస్తుంది. ముందు ఆల్టర్నేటర్ వేయించాలి. భారం తగ్గించడానికి బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీనే చిన్నది వేయమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. వాటర్ పంప్ కూడా నెమ్మదించి, మే ఎండలో సిగ్నల్ దగ్గరే ఇంజన్ వేడెక్కుతుంది.